ఏట్లో ఆదివారాలు

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ వేదను తొండవాడ అవతల ఏటికి తీసుకెళ్లాను. పురుగులు చూడ్డానికి. పెట్రోలు పోసుకుని మరీ పురుగులు చూడ్డానికి పోతావని కిందటేడు ఎవరైనా చెప్పుంటే నవ్వేవాణ్ని. బొద్దింక కనిపిస్తే కుర్చీ ఎక్కే రకం నేను. చీపురు పట్టుకుని వచ్చేది పద్మాక్షి. ఇప్పుడు వరదయ్యపాళెంలో ఎవరి బొద్దింకల్ని కొడుతోందో.

శ్రీసిటీలో ఫ్యాక్టరీకి తిరుపతి నుంచి కంపెనీ బస్సులో పోయి వచ్చేది. తెల్లారకముందే పోయేది, చీకటి పడ్డాక వచ్చి కంచం ముందే కునికేది. దసరా తర్వాత అక్కడే, వరదయ్యపాళెంలో, గది తీసుకుంది. ఉద్యోగం మానెయ్యమని నేను అనలేదు. మానేస్తే బాగుంటుందన్నాను, అంతే. ఆ మాట తను ఎలా తీసుకుందో దానికి నేనేం చెయ్యను? నా ఉద్యోగం ఇక్కడ దేవస్థానం ఆఫీసులో. మా నాయన ఇక్కడ. ఆయన్ని గోవిందరాజస్వామి గుడికి దూరంగా ఒక్క పూట ఉంచలేం.

మేము విడిపోలేదు. ఈ మాట ఆఫీసులో అందరికీ చెబుతున్నాను.

వచ్చే జూన్ నుంచి వేద ఎక్కడుండాలి, అదే తేలాలి. తొమ్మిదేళ్ల పిల్లను పట్టుకుని చెరోవైపూ లాగడం ఎందుకు, దాన్నే అడుగుదాం అంది పద్మాక్షి. సరేనన్నాను. ఉగాది దాటాక ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకేసారి అడగాలి. అప్పటిదాకా ఎవరూ దాని చెవిలో ఏమీ ఊదకూడదు. ఒక ఆదివారం నాది, ఒక ఆదివారం తనది.

ఏటికి పోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిల్లకి పురుగులంటే పిచ్చి. తండ్రన్నాక ఆ మాత్రం తిప్పాలి.

జిల్లేడు చెట్టు ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూసింది. పసుపూ నలుపూ తెలుపూ చారలున్న గొంగళి పురుగు దొరికింది. ఇదే ఇంకొన్నాళ్లకి నారింజరంగు సీతాకోకచిలుక అవుతుందట. జిల్లేడు పాలు తాగి తాగి ఒళ్లంతా చేదెక్కి ఉంటుంది కాబట్టి దీన్ని పిట్టలు కూడా ముట్టవట. ఎవరు చెప్పారే అంటే, చూస్తే తెలుస్తుంది అంది. నాకు చూసినా తెలియలేదు. చారలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, ఎవరో కూర్చుని స్కేలు పెట్టి గీసినట్టు.

అప్పుడే ఒక మిడత ఎగిరి నా కాలర్లో పడింది. నేనేం చేశానో రాయను. అటుగా పోతున్న గొర్రెలు కూడా ఆగి చూశాయి.

"నాయనా, కదలద్దు. అది నిన్ను ఏమీ చెయ్యదు. దానికి నువ్వు కొండ మాదిరి ఉండావు. యాడ దిగాల్నో తెలీక అది బయపడతాండాది" అని మెల్లిగా రెండు వేళ్లతో తీసి గడ్డి మీద పెట్టింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి ఇసుకలో కూర్చుండిపోయింది. దసరా తర్వాత అది అలా నవ్వడం ఇదే.


ఫిబ్రవరి 17

మెడ వెనక దురద. ఊహే నాయనా అంటుంది వేద. కావచ్చు.


ఫిబ్రవరి 23, ఆదివారం

పద్మాక్షి ఆదివారం. సాయంత్రం బస్టాండులో దింపి, నాతో ముక్తసరిగా రెండు మాటలు మాట్లాడి, అదే బస్సు వెనక్కి పోతుంటే ఎక్కేసింది. చిక్కిపోయింది.

వేద ఇల్లు చేరేదాకా నోరు మూయలేదు. పులికాట్ సరస్సుకి పోయారట. రాజహంసలు చూశారట. ఇక్కణ్నుంచి అక్కడిదాకా రాజహంసలేనట. కాళ్లు పుల్లల్లా ఉంటాయట, తల కిందులుగా పెట్టి తింటాయట, అన్నీ ఒక్కసారి లేస్తే ఆకాశం గులాబీ రంగైపోతుందట.

బాగుంది. నేను గొంగళి పురుగును చూపిస్తే ఆవిడ రాజహంసల్ని చూపించింది. పోటీ ఏమీ లేదు. అయినా పెళ్లయి పన్నెండేళ్లు, పిట్టగోడ మీది కాకిని తప్ప ఇంకో పక్షిని తలెత్తి చూసిన మనిషి కాదు. ఇంత పక్షిప్రేమ ఉన్నట్టుండి ఎక్కణ్నుంచి వచ్చిందో.

చెవిలో ఊదకూడదని చెప్పిందే తను.


ఫిబ్రవరి 27

బడి నుంచి తీసుకొస్తూ స్కూటీ మీద మాట వరసకి అన్నాను, నీకు ఈ ఊరే బాగుంటుంది కదా అని. ఊఁ అంది. నా దగ్గరే ఉంటావు కదా అన్నాను. నీ దగ్గరే ఉంటాను నాయనా అంది. నా నడుము చుట్టూ చేతులు బిగించింది కూడా.

ఇది అడగడం కిందికి రాదు. అడగడమంటే ఇద్దరం కూర్చుని అడగడం.

దారిలో బాదంపాలు ఇప్పించాను. సగం తాగి వదిలేసింది. నేను తాగాను. చాలా తియ్యగా ఉన్నాయి.


మార్చి 2, ఆదివారం

మళ్లీ ఏరు. ఈసారి ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని వెళ్లాను. వేద చూసి మొహం అటు తిప్పుకుంది.

నీళ్లు పోయినసారి కంటే తగ్గాయి. ఏరు మధ్యలో రాళ్లు తేలాయి, అక్కడక్కడా మడుగులు మిగిలాయి. మడుగు మీద సన్నటి పురుగులు కాళ్లు చాచుకుని నడుస్తున్నాయి, మునగడం లేదు. వాటి కాళ్ల కింద నీళ్లు గుంట పడతాయి గానీ చిరగవు. అది నాకు వేద చూపించలేదు, నేనే చూశాను. చూసి దాన్ని పిలిచాను. అది వచ్చి పక్కన బోర్లా పడుకుని చూసి, నువ్వు బాగా నేర్చుకుంటాండావు అంది. ఆఫీసులో ప్రమోషను వచ్చినప్పుడు కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు. ఇది నిజం, ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఎర్ర తూనీగ ఒకటి గడ్డిపరక కొన మీద వాలుతుంది, లేస్తుంది, మళ్లీ ఆ కొన మీదే వాలుతుంది. ఏరంతా ఖాళీగా ఉంది, దానికి ఆ పరకే కావాలి. లకుముకి పిట్ట ఒకటి మునిగి చేపతో లేచింది.

ఒడ్డు దగ్గర మెత్తటి ఇసుకలో చిన్న చిన్న గుంటలున్నాయి, గరాటులా. అడుగున ఒక పురుగు దాక్కుని ఉంటుంది. చీమ జారి పడితే ఇసుక విసిరి కిందికి లాగుతుంది. చూద్దాం, ఒక చీమను వెయ్యి అన్నాను. వేద వెయ్యనంది. దానంతటది పడితే వేరే సంగతట.

"మనమెందుకు తోసేది నాయనా. చీమకి ఆ పక్కకి పోవాలని ఉండాదో, ఈ పక్కకి పోవాలని ఉండాదో" అంది.

నేను సరేలే అన్నాను.

వచ్చేముందు రాళ్లలో ఎక్కడో తీతువు అరిచింది. మా నాయనకి ఆ అరుపు పడదు. ఎక్కడ వినబడినా ఆగి, గోవిందా అనుకుని, అప్పుడు కదులుతారు. అది అరిస్తే ఎవరికో కీడని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఇంక పోదాం పద అన్నాను. వేదకి ఇంకాసేపు ఉండాలని ఉంది. అయినా మాట్లాడకుండా వచ్చేసింది. ఈమధ్య ప్రతిదానికీ మాట్లాడకుండా వచ్చేస్తోంది. బుద్ధిమంతురాలైంది.


మార్చి 5

అన్నం తినలేదు. కడుపునొప్పి అంది. వాము నమిలించాను.


మార్చి 7

బడికి పోయేముందు మళ్లీ నొప్పి. మా నాయన విభూది పెట్టే మనిషి కాదు కదా, తీర్థం తాగించి నుదుట తిరుమణి నామం పెట్టారు. పదింటికల్లా తగ్గింది. బడి ఎగ్గొట్టడానికేమో అనుకున్నాను. కానీ మళ్లీ తనే బ్యాగు తగిలించుకుని పోదాం అంది.


మార్చి 9, ఆదివారం

వరదయ్యపాళెం పోయి వచ్చింది. అక్కడ కూడా నొప్పి వచ్చిందా అని పద్మాక్షిని అడగాలనుకున్నాను. అక్కడ రాలేదు అంటే?

అడగలేదు.


మార్చి 12

డాక్టరు పొట్ట నొక్కి చూసి, నాలిక చూసి, ఏమీ లేదన్నాడు. దేనికైనా భయపడుతోందా అన్నాడు. నాలుగో తరగతి పరీక్షలకి భయమేమిటి, ఏమీ లేదండీ అన్నాను.

ఫోన్ చేసి పద్మాక్షికి చెప్పాను.  అప్పుడు చెప్పింది, పోయిన ఆదివారం వేద అక్కడా తినలేదట, మెలికలు తిరిగిపోయిందట. నాకెందుకు చెప్పలేదు అన్నాను. మీరెందుకు చెప్పలేదు అంది. 

వచ్చే ఆదివారం తను వస్తుందట. అది నా ఆదివారం. అయినా సరే రమ్మన్నాను. ముగ్గురం ఏటికి పోదామన్నాను. మీరు ఏటికా అని నవ్వింది. నవ్విందనే రాసుకుంటాను.


మార్చి 16, ఆదివారం

చాలా రాయాలి. మరిచిపోకముందు వరసగా రాస్తాను.

పద్మాక్షి మొదటి బస్సుకే వచ్చింది. పులిహోర, పెరుగన్నం కట్టింది. స్కూటీ మీద ముగ్గురం, మధ్యలో వేద. దారంతా వేద ఒక చెయ్యి నా నడుము మీద, ఇంకో చెయ్యి వెనక్కి వాళ్లమ్మ మోకాలి మీద. పద్మాక్షి తర్వాత చెప్పింది ఆ సంగతి.

ఏట్లోకి దిగి రాళ్ల మీద కూర్చున్నాం. ఎండ అప్పటికే చురచురలాడుతోంది. తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి రెక్కలు మూసుకుని నీళ్లు తాగుతున్నాయి. వేద వాటి దగ్గరికి పిల్లిలా నడుచుకుంటూ పోయింది. మేమిద్దరమే మిగిలాం.  పన్నెండేళ్ల సంసారం, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నాం.

చేతులు ఊరుకోక నేను రాయి మీద రాయి పెట్టడం మొదలుపెట్టాను. పెద్దది కింద, దాని మీద ఒక పలకరాయి, దాని మీద గుండ్రంది. అది ఒరిగింది. పద్మాక్షి వంగి కింద ఒక చిన్న రాయి ఆనించి నిలబెట్టింది. తర్వాత తను కూడా పక్కన ఇంకోటి పేర్చడం మొదలుపెట్టింది.

పెళ్లయిన ఏడాది నడిచి కొండెక్కినప్పుడు ఇద్దరం ఇలాగే పేర్చాం. దారి పక్కన అందరూ పేరుస్తారు, రాయి మీద రాయి నిలబడితే సొంతిల్లు అవుతుందని. మాది అయిదు రాళ్లు నిలబడింది. ఆ తర్వాత ఇన్నేళ్లూ అద్దె ఇంట్లోనే ఉన్నాం. ఇప్పుడు రెండు అద్దె ఇళ్లు. ఆ మాట పైకి అన్నాను. పద్మాక్షి నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. నేనూ నవ్వాను. ఎంత బాగుందో ఆ కాసేపు.

తీతువు మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. ఒకటి కాదు, రెండు. తలల మీదికి వచ్చి వచ్చి పోతున్నాయి. నేను మా నాయనలా గోవిందా అనుకున్నాను. మంచి చెప్పుకునే వేళ ఇదేం పాడు అరుపు అని పద్మాక్షి ఒక గులకరాయి తీసి అటు విసిరింది. అవి పోలేదు. మేము లేవలేదు. ఎండలో ఎంతసేపు అలా పేరుస్తూ కూర్చున్నామో తెలియదు.

అప్పుడు పద్మాక్షి తల ఎత్తకుండా అంది, వేద తనతో వస్తానంది అని. తను అడగలేదట. మాట వరసకి అందట.

నా మాట. అచ్చంగా నేను ఇందులో రాసుకున్న మాట.

నాతోనే ఉంటానంది అన్నాను. ఎప్పుడు అంది. చెప్పాను. మాట తప్పింది మీరు అంది. రాజహంసలు ఎవరు చూపించారు అన్నాను. గొంతులు పెరిగాయి. ఇద్దరికీ గెలిచానన్న గర్వం అప్పటిదాకా లోపల ఉంది, ఆ గర్వమే రెచ్చిపోయింది. దానికి నేనంటేనే ప్రాణమన్నాను. ఏమేమో అన్నాను. వేద ఎక్కడుందో ఇద్దరం చూసుకోలేదు.

వెనకే ఉంది. పరిగెత్తుకుని వచ్చినట్టుంది, రొప్పుతోంది. మా మాటలు ఎంతవరకు విందో. కానీ అది ముందు అన్నది మా గురించి కాదు.

"లెయ్యండి. ఇద్దరూ లెయ్యండి. కాళ్లు సూసి పెట్టండి" అంది.

వేలు పెట్టి చూపించింది. పద్మాక్షి చెప్పులకి జానెడు దూరంలో, గులకరాళ్ల మధ్య, నాలుగు గుడ్లు. రాళ్ల రంగే, రాళ్ల మచ్చలే. చూపించాక కూడా నాకు కాసేపటిదాకా కనబడలేదు. వాటి చుట్టూ గుండ్రంగా చిన్న రాళ్లు పేర్చి ఉన్నాయి, ఒక వైపు ఖాళీ. అక్కడి రాయి నా గుట్టలో ఉంది.

"అది అరిసేది కీడుకి కాదు నాయనా. మిమ్మల్ని లెయ్యమని అరస్తాండాది. ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. మీకు ఇల్లు కావాలని దాన్ని గుడ్ల కాడికి రానీయకుండా కూసున్నారు" అంది.

లేచి, చూసుకుంటూ అడుగులు వేసి, దూరంగా ఒడ్డు మీద కానుగ చెట్టు కిందికి పోయాం. గుట్టలు పడగొట్టి వస్తానంటే వేద వద్దంది, ఇంకా ఆలస్యమవుతుందట. ఆ రాయి ఒక్కటి మాత్రం తనే పోతూ పోతూ తీసి ఉన్నచోట పెట్టింది.

చెట్టు కింద ముగ్గురం కూర్చున్నాం. కానుగ పూలు మా మీద రాలుతున్నాయి. వేద మా ఇద్దరి వైపూ చూడలేదు, ఏటి వైపే చూస్తూ కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. నొప్పా అమ్మా అంది పద్మాక్షి. అప్పుడు చెప్పింది. ఏడవలేదు. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఇద్దరూ అడిగినారు. ఇద్దరికీ సరే అన్నాను. ఉగాది అయినాక మళ్లా అడుగుతారంట గదా, తాత చెప్పినాడు. అప్పుడు ఇద్దరూ ఒకేసారి ఉంటారు. ఒకరికి సరే అంటే ఇంకొకరు ఏడుస్తారు. నేను ఎవుర్నీ ఏడిపియ్యను. ఏం చెప్పాల్నో నాకు తెలీలా."

పద్మాక్షి దాన్ని ఒళ్లోకి లాక్కుంది. నేను దాని కాళ్లు పట్టుకున్నాను. దాని చెప్పుల్లో ఇసుక ఉంది. చెప్పులు విప్పి దులిపాను. అది తప్ప చెయ్యడానికి నాకు ఏ పనీ దొరకలేదు.

చాలాసేపటికి తీతువు దిగింది. నేరుగా గుడ్ల దగ్గరికి పోలేదు. మడుగు దగ్గరికి నడిచి, నీళ్లలో కూర్చుని లేచి, మళ్లీ కూర్చుని లేచి, పొట్ట కింది ఈకలు తడుపుకుంది. ఆ తడి పొట్టతో గబగబా నడిచి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. గుడ్లని చల్లబరుస్తోంది అని వేద గుసగుసగా అంది. ఇంకోటి పక్కన కాపలా నిలబడింది. అరుపులు ఆగిపోయాయి. ఏట్లో అంత నిశ్శబ్దం ఉందని అప్పుడు తెలిసింది.

పులిహోర అక్కడే తిన్నాం. వేద రెండు ముద్దలు తింది.


మార్చి 17

ఆఫీసులో పని జరగలేదు. ఒంటిపూట బడి, పన్నెండున్నరకి వేదను తీసుకురావాలి. గేటు దగ్గర అది నన్ను చూసి నవ్వింది. ఇన్నాళ్లూ ఆ నవ్వు చూసి, బాగానే ఉంది అనుకున్నాను. ఆ నవ్వు నాకోసం చేస్తున్న పని.


మార్చి 18

బుద్ధిమంతురాలైంది అని రాశాను. ఇదే డైరీలో.


మార్చి 21

పద్మాక్షితో ఫోన్లో గంటసేపు మాట్లాడాను. కొట్లాట లేదు. దాన్ని అడగొద్దు అని ఇద్దరం ఒకేసారి అన్నాం. అడగకపోతే ఎవరు తేల్చాలి? మేమే.

మీరే ఉంచుకోండి అంది పద్మాక్షి. ఏట్లో ఆ పిల్ల మిమ్మల్ని చూసిన తీరు చూశాను, మీ దగ్గరే ఉండనీండి అంది.  అంత మాట తను అంటుందని నేను అనుకోలేదు. వారం కిందట అనుంటే ఎగిరి గంతేసేవాణ్ని.

ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. హాల్లో మా నాయన పారాయణం చేస్తున్నారు. వంటింట్లో పప్పు ఉడుకుతోంది. ఇక్కడ ఎలాగూ ఇద్దరం ఉన్నాం, పప్పులో ఉప్పు ఎక్కువైందని పోట్లాడుకోవడానికైనా. అక్కడ షిఫ్టు నుంచి వచ్చి ఆ గది తాళం తీసి, లోపలికి పోయి, లైటు వేసుకునేది తను ఒక్కతే. రాజహంసలు పిల్లని ఊరించడానికి చూపించిందనుకున్నాను. పిల్ల లేని ఆదివారాలు తను అక్కడికి ఒక్కతే పోయి కూర్చుంటుందట. ఇవాళ చెప్పింది.

అప్పుడు నేను అన్నాను, వేద నీ దగ్గర ఉంటుంది అని.  పద్మాక్షి ఏడుస్తోందని తెలిసింది. నేను కూడా. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఫోన్ పెట్టలేదు.

నేను మంచివాణ్నని ఇది రాయడం లేదు. రేపు మాట మార్చకుండా ఉండాలని రాస్తున్నాను.


మార్చి 22

మాట మార్చాలని పొద్దున్నుంచీ ఉంది.


మార్చి 23, ఆదివారం

ఏటికి పోయాం, నేనూ వేదా. కిందికి దిగలేదు, కానుగ చెట్టు కిందే కూర్చున్నాం. పద్మాక్షి రాలేదు, తన ఆదివారాన్ని నాకే వదిలేసింది. నువ్వూ రా, ఇద్దరం చెబుదాం అన్నాను. వద్దు, మీరు ఒక్కరే చెబితేనే దానికి నమ్మకం కుదురుతుంది అంది. నిజమే.

మా గుట్టలు రెండూ అలాగే నిలబడి ఉన్నాయి. వాటి పక్కనే తీతువు గుడ్ల మీద పడుకుని ఉంది, మనుషులు ఏం కట్టుకుంటే నాకేం అన్నట్టు.

ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్నది ఒకటీ గుర్తుకు రాలేదు. నిన్ను ఎవరూ ఏమీ అడగరు వేదా అన్నాను. నేనూ అమ్మా మాట్లాడుకున్నాం, సెలవులిచ్చాక నువ్వు అమ్మ దగ్గరికి పోతావు, అక్కడే బళ్లో చేరతావు, ఆదివారాలు నేను వస్తాను లేకపోతే నువ్వు వస్తావు అన్నాను. ఇది మేము తేల్చింది, నువ్వు చెప్పింది కాదు అని రెండుసార్లు అన్నాను.

అది చాలాసేపు పక్షి వైపే చూసింది. చేతిలో కానుగ పువ్వు నలిపింది.

"నువ్వు చెప్పినావా, అమ్మ చెప్పిందా?"

"నేనే ముందు చెప్పినాను."

"నువ్వు ఏడుస్తావా?"

లేదు అనబోయాను. నోటిదాకా వచ్చింది. దాని మొహం చూశాను. కడుపు మీదికి దాని చెయ్యి పోతోంది.

"ఏడుస్తాను" అన్నాను.

"మరి?"

"ఏడిస్తే ఏడుస్తాను. అది నా పని. నీకు ఆ పని లేదు. నువ్వు నన్ను ఓదార్చాల్సిన పనీ లేదు, సరే అనాల్సిన పనీ లేదు. నేను పెద్దోణ్ని. ఏడిసి, మొహం కడుక్కుని, ఆఫీసుకి పోతాను."

అది ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, గొంగళి పురుగును చూసేటప్పుడు చూసినట్టు నా మొహాన్ని దగ్గరగా చూసింది. ఇందులో అబద్ధం ఎక్కడైనా ఉందా అని వెతికిందనుకుంటాను. తర్వాత నా భుజానికి ఆనుకుంది. కాసేపటికి బరువు మారింది. నిద్రపోయింది. పొద్దున పూట, పిట్టలు కూస్తుంటే, చీమలు పాకుతుంటే, నోరు తెరుచుకుని నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో.

నా కాలి మీద ఏదో పురుగు ఎక్కింది. ఆకుపచ్చగా ఉంది. గొల్లభామ అనుకుంటాను. ముందుకాళ్లు జోడించి మోకాలి దాకా వచ్చి ఆగింది. నేను కదల్లేదు.

దానికి ఎవరి దగ్గర ఉండాలని ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని ఉంది. చాలా ఉంది. అడగను.


మార్చి 30

ఉగాది. పద్మాక్షి వచ్చింది. నలుగురం కలిసి భోంచేశాం. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు, పాయసం ఇంకాస్త వెయ్యమంటావా అని తప్ప. వేద వేయించుకుంది.


ఏప్రిల్ 27, ఆదివారం

పొద్దున బస్సు. మా నాయన బస్టాండుకి రాలేదు. గుమ్మంలోనే దాని తల మీద చెయ్యి పెట్టి, ఏదో పాశురం సగం చదివి, లోపలికి పోయారు.

సంచులు పైన పెట్టించాను. పద్మాక్షి చెయ్యి పట్టుకున్నాను. బస్టాండులో, అందరి ముందూ. పట్టుకోనిచ్చింది. సర్దుకుంటాం లెండి అంది. ఏం సర్దుకుంటామో నాకు తెలియదు, తనకీ తెలియదు. ఆదివారం పెరుగన్నం కట్టుకుని రండి అంది.

దిగి కిటికీ పక్కన నిలబడ్డాను. డ్రైవరు టీ తాగుతున్నాడు. ఏమైనా సరే, బస్సు కదిలేదాకా ఏడుపు ఆపుకోవచ్చని అనుకున్నాను. ఆగలేదు. కర్చీఫు తీసే తీరిక కూడా ఇవ్వలేదు. పక్కన కమలాపళ్లు అమ్మే ఆమె చూసి తల తిప్పుకుంది.

వేద చూసింది. సీట్లోంచి సగం లేచింది. కిటికీ చువ్వల మీద చెయ్యి వేసింది. నోరు తెరిచింది, ఏదో అనబోయింది. నేను ఏడుస్తూనే వద్దన్నట్టు తల ఊపాను.

అది మళ్లీ కూర్చుంది. ఏమీ అనలేదు. బస్సు కదిలేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను, అది చూస్తూనే ఉంది. తర్వాత చెయ్యి ఊపి, అటు తిరిగి, వాళ్లమ్మ పొట్లంలోంచి ఒక మురుకు తీసుకుని కొరికింది.